స్టైల్‌షీట్లు నేర్పిస్తామంటున్న ఆ ఆన్‌లైన్ కోర్సులో చేరకండి

వెబ్‌సైట్ తయారీ, స్టైల్‌షీట్లు (పేజీ రంగులు, కొలతలు, అమరిక చెప్పే నియమాలు) ఓనమాల నుంచి నేర్పిస్తామని ఎక్కడ చూసినా ప్రకటనలు ఇస్తున్న ఆ కోర్సు గురించే రాస్తున్నాను. ఏదో మీలో చాలామందికి అర్థమై ఉంటుంది, పేరు రాయను. ఫీజు పోయింది, ఆరు వారాల సాయంత్రాలు పోయాయి. నిన్న రాత్రి క్లాసులో జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతోంది.

చేరిన కథ పెద్దదేమీ కాదు. డెమో క్లాసు చూశాను, నచ్చింది, డబ్బు కట్టేశాను. మొదటి వారమంతా పేజీలో ఏమేం ఉండాలో రాసే భాష హెచ్‌టీఎంఎల్: శీర్షికలు, పేరాలు, లింకులు, బొమ్మలు. అది బాగానే చెప్పారు. డబ్బు వెనక్కి ఇచ్చే గడువు ఏడు రోజులు. స్టైల్‌షీట్లు మొదలుపెట్టింది పదో రోజున. ఈ రెండు అంకెలను అప్పుడే పక్కపక్కన పెట్టి చూసుకోవలసింది, చూసుకోలేదు.

నిన్నటి పాఠం పేజీలో రెండు గళ్లను పక్కపక్కన నిలబెట్టడం. తెరను బట్టి వెడల్పు మారే పెట్టె, సర్ తెరమీద అది వెయ్యి పిక్సెళ్లు; అందులో రెండు గళ్లు, ఒక్కోదానికి వెడల్పు 50 శాతం, లోపల ఇరువైపులా 20 పిక్సెళ్ల ప్యాడింగ్ (అంచుకూ లోపలి సరుకుకూ మధ్య ఖాళీ), రెండింటికీ ఎడమవైపు చేర్చే ఫ్లోట్ లెఫ్ట్. సర్ చెప్పినట్టే అక్షరం పొల్లుపోకుండా టైపు చేశాను. రెండో గడి కిందికి జారిపోయింది. ఆయన తెరమీద కూడా జారింది. ఆయన ఏమాత్రం తడుముకోకుండా 50 తీసేసి 46 అని కొట్టారు. గళ్లు పక్కపక్కకు వచ్చేశాయి. "చూశారా, వచ్చేసింది, తర్వాతి పాఠానికి వెళ్దాం" అన్నారు.

నేను చెయ్యెత్తాను. "సర్, సగం సగం కలిస్తే మొత్తం అవ్వాలి కదా, ఎందుకు పట్టలేదు? 46 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగాను. నేను అడిగింది అంతే. "అనుభవం మీద వస్తుందండీ, రాసుకోండి" అన్నారు ఆయన. నేను అదే పేజీని ఫోనులో తెరిచి చూశాను, గడి మళ్లీ కిందికి పడింది. ఆ మాటే చెప్పాను. ఆయన కొన్ని క్షణాలు ఆగి, నూట ఇరవై మంది వింటుండగా, "మీరు నేర్చుకోవడానికి వచ్చారా, నన్ను పరీక్షించడానికి వచ్చారా? ఇలాంటి బుర్రకు డిజైన్ పని సరిపడదు" అన్నారు. నేను బదులు చెప్పబోతుంటే నా మైకు ఆపేశారు. చాట్‌లో రాద్దామనుకుంటే అదీ మూసేశారు. క్లాసు అయిపోయేదాకా నా పేరు పక్కన ఆ ఎర్ర గీత కొట్టిన మైకు బొమ్మను చూస్తూ కూర్చున్నాను.

రాత్రి ఒంటిగంట వరకు నేనే వెతుక్కున్నాను. జవాబు ఒక పేరా కూడా లేదు. స్టైల్‌షీట్లు రాసే భాష సీఎస్ఎస్‌లో మామూలుగా వెడల్పు అంటే లోపలి సరుకు వెడల్పు మాత్రమే. ప్యాడింగ్, అంచు దానికి అదనం. అంటే ఒక్కో గడి 500కు 40 కలిపి 540 పిక్సెళ్లు, రెండూ కలిపి 1080. వెయ్యిలో ఎలా పడతాయి? ఇక ఆ 46 శాతం మహిమ: 460కి 40 కలిపితే సరిగ్గా 500. ఆయన తెర కొలతకు మాత్రమే కుదిరిన అంకె అది. ఫోనులో పెట్టె 360 పిక్సెళ్లు అనుకోండి, ఒక్కో గడి 205 దాటుతుంది, రెండూ కలిపితే 411. జారక ఏమవుతుంది? వెడల్పును ఎలా లెక్కపెట్టాలో చెప్పే బాక్స్ సైజింగ్‌కు బార్డర్ బాక్స్ అని విలువ ఇస్తే ప్యాడింగ్, అంచు రెండూ వెడల్పు లోపలే లెక్కకు వస్తాయి. 50 శాతం 50 శాతంగానే ఉంటుంది. ఒక్క వరుస! నేనే రాసి ఫోనులో చూశాను, గళ్లు కదలకుండా నిలబడ్డాయి. రెండు నిమిషాల్లో చెప్పగలిగిన ఈ సంగతికి నూట ఇరవై మంది ముందు నా బుర్రను తిట్టాలా?

తెల్లవారాక పాత పాఠాలన్నీ తిరగేశాను. రంగు మార్చడానికి స్టైల్‌షీట్ బదులు హెచ్‌టీఎంఎల్‌లోని పాత ఫాంట్ ట్యాగు వాడించారు. దాన్ని వాడవద్దని 1997 డిసెంబరులో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4 ప్రమాణమే చెప్పింది. ఒక నియమం పనిచేయకపోతే మిగతా నియమాలను తోసేసే ఇంపార్టెంట్ అన్న మాటను ప్రతిచోటా తగిలించమన్నారు. పేజీలో ఒక్కదానికే పెట్టే పేరైన ఐడీకి, చాలావాటికి పెట్టగలిగే పేరైన క్లాసు కంటే ఎక్కువ బలం ఉంటుందని, బలం సమానమైతే కింద రాసిన నియమం గెలుస్తుందని ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇది తెలియకుండా స్టైల్‌షీట్ రాయడమంటే చీకట్లో గోడలు తడుముకోవడమే. పాఠాల పట్టికలో గళ్లను అమర్చే కొత్త పద్ధతులు గ్రిడ్, ఫ్లెక్స్‌బాక్స్ అని ఘనంగా వేశారు. ఆరు వారాలైనా వాటి ఊసే లేదు. గ్రిడ్ 2017 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నింటిలో పనిచేస్తోంది.

నన్ను ఎక్కువ బాధిస్తున్నది మరొకటి. ఆ ఫాంట్ ట్యాగు డెమో క్లాసులోనే తెరమీద కనిపించింది. ఎక్కడో పాతదని చదివిన గుర్తు వచ్చింది కూడా. పెద్దాయన, తెలిసే చేస్తుంటారని సరిపెట్టుకున్నాను. తప్పు నాదే.

డబ్బు వెనక్కి ఇవ్వమని పొద్దున్నే రాశాను. గంటలో జవాబు వచ్చింది: గడువు దాటింది, మీ ప్రవర్తన గమనించాం, మళ్లీ ఇలా జరిగితే సర్టిఫికెట్ ఇవ్వం. ప్రశ్న అడగడం ప్రవర్తన కిందికి వచ్చింది.

ఏ కోర్సులోనైనా చేరాలనుకునేవారు డబ్బు కట్టకముందే స్టైల్‌షీట్ల పాఠం ఒకటి చూపించమని అడగండి. గడి ఎందుకు జారిందో చెబుతున్నారా, అంకె మార్చి దాటేస్తున్నారా అన్నది గమనించండి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా వారి ఎండీఎన్ సైటులో పాఠాలు ఉచితంగానే ఉన్నాయి, నేను ఇప్పుడు అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టాను. ఈ కోర్సులో చేరి ఇంకా ఏడు రోజులు నిండనివారు ఉంటే ఈ రాత్రే రద్దు చేసుకోండి. ఫోనులో కాదు, మెయిల్‌లోనే అడగండి, తేదీ రుజువుగా ఉంటుంది.