మూడణాల బిళ్ల పట్టుకుని వరంగల్ కోటకు

వరంగల్‌లో నిజాం కాలపు సరుకు దొరుకుతుందని ఎవరైనా అంటే, ముందు కవర్లా, ఉత్త స్టాంపులా అని అడగండి. స్టేషన్ రోడ్డు వైపు ఓ పాత కాగితాల దుకాణంలో నాకు డబ్బా నిండా స్టాంపు బిళ్లలు చూపించారు. అన్నీ కవర్ల మీంచి కత్తెరేసినవే. మిగతా కాగితం ఏదంటే, “తూకానికేసినం సార్, దానికేమొస్తది?” అన్నాడు. ప్రాణం ఉసూరుమంది. ఉత్తరం ఏ ఊళ్లో పడింది, ఎవరికి పోయింది, ఎన్నాళ్లకు చేరింది, అంతా ఆ కాగితం మీదే కదా ఉండేది!

శనివారం మంచిర్యాలలో భాగ్యనగర్ రైలు ఎక్కి కాజీపేటలో దిగాను. కాజీపేట-బల్లార్షా లైను 1929లో పూర్తయ్యాకే ఢిల్లీ-మద్రాసు మధ్య ఈ దారి తెరుచుకుంది. పాత కవర్లు చూసేవాళ్లు ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోవాలి, ఉత్తరాలు నడిచిన దారి దాంతో మారింది. హన్మకొండ నక్కలగుట్ట దగ్గర లాడ్జి 1,200. శుభ్రంగా ఉంది, పొద్దున్నే వేడినీళ్లు ఇచ్చారు. బల్ల లేక ఆల్బమ్ మంచం మీదే పరుచుకున్నాను.

అసలు కవరు మాత్రం ఓ పాత ఆడ్తి దుకాణం కాగితాలు కొనుక్కున్న పెద్దాయన ఇంట్లో దొరికింది. వెయ్యి అడిగి ఎనిమిది వందలకు ఇచ్చాడు. మందపాటి లిఫాఫా, దాని మీద మూడణాల బిళ్ల. బిళ్లలో కాకతీయ తోరణం! 1931లో అణా బిళ్ల మీద చార్మినార్ వేసిన నిజాం సర్కారు, 1947లో వరంగల్ కోట తోరణం వేసింది. ఇప్పుడు మన రాష్ట్ర చిహ్నంలో ఆ రెండూ ఒకచోటే ఉన్నాయి.

ముద్ర ఉర్దూలో ఉంది, నాకు రాదు. మండిబజార్‌లో చాయ్ తాగుతూ పక్కనున్న చాచాను అడిగాను. కళ్లజోడు పైకి నెట్టి, “హన్మకొండ... ఖుర్దాద్... 1357” అని చదివాడు. నిజాం సర్కారు వాడిన ఫస్లీ సంవత్సరం లెక్క అది. మన క్యాలెండరు సంవత్సరం రావాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. ఖుర్దాద్ అంటే ఏప్రిల్ కాబట్టి 1948. పోలీస్ చర్యకు ఇంకా ఐదు నెలలుంది. వెనక హైదరాబాదు ముద్ర చూస్తే తేదీలో తేడా ఒక్కరోజే. చాయ్ డబ్బులు చాచా ఇవ్వనివ్వలేదు.

కోటకు ఆటో రానుపోను మూడొందలు, అక్కడ ఆగినందుకు ఇంకో యాభై. మధ్యాహ్నం వెళ్లి తప్పు చేశాను, రాయి కాలిపోతోంది, నీడ లేదు. పొద్దున్నే వెళ్లండి. స్వయంభూ గుడి చాలామటుకు కూలిపోయినా నాలుగు దిక్కులా తోరణాలు నిలబడే ఉన్నాయి. ఒకదాని ముందు కవరు ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి, బిళ్లలోని తోరణాన్ని దాని పక్కన పెట్టి చూశాను. కాపలా అతను దగ్గరికొచ్చి “ఏంది సార్, దిష్టి తీస్తున్రా?” అన్నాడు.

కవరు అతనికీ చూపించాను. చేతులు ప్యాంటుకు తుడుచుకుని మరీ పట్టుకున్నాడు.

వచ్చేముందు నా అడ్రసుకే ఓ పోస్టుకార్డు రాసి, ముద్ర స్పష్టంగా వేయమని కౌంటరులో బతిమాలాను. పాపం, రెండుసార్లు అద్దాడు. కార్డు మంచిర్యాలకు నాలుగో రోజున వచ్చింది.