ఎముకలు గుల్లబారాయో లేదో తేల్చడానికి డెక్సా, సీటీ, మడమ అల్ట్రాసౌండ్: ఏది మేలు?

ముందే చెప్పేస్తాను, మొదటి పరీక్షగా తుంటికీ నడుముకీ తీసే డెక్సా స్కానే (ఎక్స్‌రేలతో ఎముక సాంద్రత కొలిచే పరీక్ష) మేలు. మిగతావి పనికిరావని కాదు, దేని చోటు దానికి ఉంది.

మామూలు ఎక్స్‌రే చూసి "ఎముకలు బాగానే ఉన్నాయి" అన్నారని ధీమాగా ఉండేవాళ్లను చూస్తే మాత్రం నాకు భయమేస్తుంది. ఎముకలో దాదాపు 30 శాతం కరిగిపోయాక గానీ ఆ ఫిల్ములో తేడా కంటికి ఆనదు. ఎముక విరిగిందా, వెన్నుపూస అణిగిపోయిందా అన్నది చూడ్డానికి అది చాలు, అంతవరకే.

మడమ అల్ట్రాసౌండ్ సంగతి వేరు. రేడియేషన్ లేదు, నిమిషాల్లో అయిపోతుంది, మెషీన్‌ను ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. శబ్ద తరంగాలు మడమ ఎముకలోంచి ఎంత వేగంగా పోయాయి, దారిలో ఎంత బలహీనపడ్డాయి అన్నదే అది కొలిచేది. చిక్కెక్కడంటే, డెక్సాలాగే అది కూడా టి-స్కోర్ (ఆరోగ్యంగా ఉన్న యువత సగటుతో పోలిస్తే మన ఎముక ఎంత తేడాగా ఉందో చెప్పే లెక్క) అనే పేరుతోనే ఓ అంకె ఇస్తుంది, జనం దాన్ని పట్టుకుని టెన్షన్ పడతారు, లేదంటే నిశ్చింతగా కూర్చుంటారు. మైనస్ 2.5 లేదా అంతకంటే కిందికి పోతే ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో చెప్పిన గీత మడమ అల్ట్రాసౌండ్‌కి వర్తించదు. ఎవరిని డెక్సాకి పంపాలో వడపోయడానికి ఇది బాగా పనికొస్తుంది, మందు పనిచేస్తోందా లేదా చూడ్డానికి పనికిరాదు.

ఇక డెక్సా. రెండు వేర్వేరు శక్తుల ఎక్స్‌రేలు పంపి, కండనీ కొవ్వునీ లెక్కలోంచి తీసేసి ఎముకలో ఖనిజం ఎంతుందో చెబుతుంది. రేడియేషన్ మహా అయితే కొద్ది రోజుల్లో ప్రకృతిలోంచి మన ఒంటికి తగిలేటంత. కానీ రిపోర్టులో చివరి అంకె ఒక్కటే చూసి మడిచి పెట్టేయకండి, పక్కనున్న వెన్ను బొమ్మ కూడా చూడండి. ఉదాహరణకి నడుము పూసల్లో (పైనుంచి ఎల్1, ఎల్2 అని లెక్కిస్తారు) టి-స్కోర్ ఎల్1 మైనస్ 2.9, ఎల్2 మైనస్ 2.7, ఎల్3 మైనస్ 2.6 ఉండి ఎల్4 ఒక్కటే మైనస్ 0.6 ఉందనుకోండి, ఆ నాలుగోది గట్టి ఎముక అయ్యుండకపోవచ్చు, అరుగుదల వల్ల అంచుల్లో పెరిగిన బొడిపెలు దాన్ని తెల్లగా చూపిస్తుండొచ్చు. అలాంటి పూసను లెక్కలోంచి తీసేయాలి, లేకపోతే సగటు పైకి లేచి అసలు జబ్బు దాగిపోతుంది. పెద్ద వయసువాళ్లలో తుంటి అంకె మీద నాకు ఎక్కువ నమ్మకం ఉండేది ఇందుకే.

ఈ బొడిపెలు క్వాంటిటేటివ్ సీటీని అంతగా మోసం చేయలేవు, ఎందుకంటే అది పూస లోపలి స్పంజిలాంటి ఎముకను విడిగా కొలుస్తుంది. ఘన సెంటీమీటరుకు 80 మిల్లీగ్రాముల కంటే తక్కువైతే ఆస్టియోపోరోసిస్ కింద లెక్క. అయితే రేడియేషన్ డెక్సా కంటే చాలా ఎక్కువ, అందుకని కేవలం దీనికోసమే మొదటిసారే సీటీకి వెళ్లమని నేను చెప్పను. కానీ కిడ్నీలో రాయి అనో కడుపునొప్పి అనో ఇప్పటికే సీటీ తీసి ఉంటే మాత్రం ఎల్1 పూస లోపల హౌన్స్‌ఫీల్డ్ విలువ (సీటీ బొమ్మలో ఎముక ఎంత దట్టంగా ఉందో చెప్పే అంకె) ఎంతుందో చూడమని రేడియాలజిస్టును తప్పకుండా అడగండి. 160 పైన ఉంటే సాధారణంగా బెంగ అక్కర్లేదు, 110 లోపు ఉంటే డెక్సాకి వెళ్లాల్సిందే (బొమ్మ స్పష్టంగా రావడానికి కాంట్రాస్ట్ మందు ఇచ్చి తీసిన సీటీలో ఈ అంకె కాస్త పెరుగుతుంది, అదీ గుర్తుంచుకోవాలి). కొత్త స్కాన్ లేదు, అదనపు రేడియేషన్ లేదు, ఉన్న బొమ్మలోంచే కబురు దొరుకుతుంది.

టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లకు సాంద్రత బాగానే కనిపించినా ఎముక విరిగే ముప్పు ఎక్కువ. అలాగే చిన్నగా జారిపడినందుకే తుంటి విరిగితే, ఏ స్కాన్ ఏం చెప్పినా సరే, చికిత్స గురించి డాక్టరుతో మాట్లాడాల్సిందే.

రెండోసారి డెక్సా తీయించుకునేటప్పుడు మాత్రం వీలైనంతవరకు మొదట తీసిన మెషీన్ దగ్గరికే, పాత రిపోర్టు పట్టుకుని వెళ్లండి. మెషీన్ మారితే అంకెలో వచ్చిన తేడా ఎముకదో యంత్రానిదో తేల్చడం కష్టం.