మా బడి గోడ మీది డిఫిబ్రిలేటర్: రెండున్నరేళ్ల తర్వాత

ఇంగ్లండ్‌లో ఒక ప్రైమరీ స్కూలు ఆఫీసులో పని నాది. పన్నెండేళ్ల ఆలివర్ కింగ్ 2011లో లివర్‌పూల్‌లో బడి ఈత పోటీలో గుండె ఆగి చనిపోయాడు. ఆగిన గుండెకి కరెంటు షాక్ ఇచ్చే డిఫిబ్రిలేటర్ బళ్లలో ఉండాలని వాళ్ల నాన్న ఏళ్ల తరబడి తిరగ్గా తిరగ్గా, 2023 నాటికి ప్రభుత్వం బళ్లకు 20 వేలకు పైగా మెషీన్లు పంచింది. మాకు ఆ మార్చిలో వచ్చింది. దాని పూచీ నాకు అప్పగించారు.

మొదటి ఏడాది కనిపించిన వాళ్లందరికీ దీని గురించి గొప్పగా చెప్పాను. మూత తీస్తే చాలు, ఏం చేయాలో వరసగా చెబుతుంది. గుండె లయ తనే చూసుకుంటుంది, షాక్ అక్కర్లేకపోతే మనం బటన్ నొక్కినా ఇవ్వదు. తనను తాను పరీక్షించుకుని పచ్చ లైటు మినుకుమనిపిస్తుంది. "మనం చూసుకోవాల్సిందేమీ లేదు" అని స్టాఫ్ మీటింగులో చెప్పింది నేనే.

2025 అక్టోబరులో ఒక సాయంత్రం, పిల్లల్ని తీసుకెళ్లే వేళకి, గేటు దగ్గర ఒక తాతగారు కూలబడిపోయారు. మెషీన్ పట్టుకుని పరిగెత్తాను. మోకాళ్ల మీద కూర్చుని మూత తీశాను, మెషీన్ గొంతు మొదలైంది. షాక్ ఇవ్వడానికి ఛాతీకి అంటించే ప్యాడ్ల కవరు చింపబోతుంటే దాని అంచున గడువు తేదీ కనబడింది. 2025 జూలై. నా చేతులు చల్లబడిపోయాయి. అంతలో మా టీచరు "ఊపిరి ఆడుతోంది" అని అరిచింది. ఆయన కళ్లు తెరిచారు. షుగరు పడిపోయిందట. అంబులెన్స్ వచ్చి తీసుకెళ్లింది, మర్నాటికి ఇంటికొచ్చేశారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రతి సోమవారం ఆ లైటు చూసి రిజిస్టరులో సంతకం పెట్టాను. ఆ లైటు బ్యాటరీని చూస్తుంది, లోపలి సర్క్యూట్‌ని చూస్తుంది. మా మోడల్లో ప్యాడ్ల గడువుని మాత్రం చూడదు. ఆ తేదీ మూత లోపల ఉంటుంది, తెరిస్తే తప్ప కనబడదు. గడువు దాటితే జెల్ ఎండిపోయి ప్యాడ్లు ఒంటికి సరిగా అంటుకోకపోవచ్చు. వేరేవి లేకపోతే అవే వాడమని ట్రైనింగులో చెప్పారు, నిజమే. కానీ ఛాతీ నొక్కుతూ ఉండకపోతే, షాక్ ఆలస్యమయ్యే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోయే చోట, "ప్యాడ్లు సరిచూడండి" అని మెషీన్ పదే పదే అంటుంటే నేనేం చేసేదాన్ని?

ఇప్పుడు తేదీ పెద్దక్షరాలతో రాసి పెట్టె బయట అంటించాను. అదనంగా ఒక జత ప్యాడ్లు కొన్నాం, ఆ ఖర్చు బడిదే. బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ వాళ్లు నడిపే డిఫిబ్రిలేటర్ల జాబితా 'ద సర్క్యూట్'లో నమోదు చేశాం, గడువు దగ్గరపడితే ఈమెయిల్ వస్తుంది.

గుంటూరులో నేను చదివిన హైస్కూలుకి ఒకటి కొనిద్దామని మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అడుగుతున్నారు. 108 వచ్చేలోపు ప్రాణం నిలబెట్టగల వస్తువు, వద్దని ఎలా అంటాను? అయితే నా అనుభవం చలిదేశంలోది, ఆఫీసులో కూర్చునే మనిషి ఉన్న బడిలోది. మే నెలలో మూసేసిన గదిలో, ఇనప బీరువాలో పెట్టి, తాళంచెవి అటెండరు దగ్గరుంచితే అది ఎన్నాళ్లు పనికొస్తుందో నేను చెప్పలేను. తాళం లేని చోట నీడన పెట్టి, నెలకోసారి మూత తీసి తేదీ చూసే మనిషి పేరు ఒకటి గ్రూపులో పెట్టండి. నా వంతు డబ్బు ఆరోజే వేస్తాను.