షాండలూర్ దీవుల దగ్గర పడవలోనే రాత్రి మకాం: చార్టర్ ఎలా ఉంది, ఏం చూసి ఎంచుకోవాలి

అమెరికా దక్షిణాన గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరంలో పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చే చేపల వేట చార్టర్లకి, అంటే కెప్టెన్‌తో సహా పడవ అద్దెకి తీసుకుని వెళ్లే ట్రిప్పులకి, కొదవ లేదు. టెక్సస్‌లోని గాల్వెస్టన్, లూసియానాలోని గ్రాండ్ ఐల్, వెనిస్, ఎక్కడికి వెళ్లినా దొరుకుతాయి, మా స్నేహితుల గుంపు వాటిలో కొన్ని చేసింది కూడా. రాత్రి పడవలోనే పడుకుని, తెల్లారగానే మళ్లీ గాలం వేసే ట్రిప్పు మాత్రం పూర్తిగా వేరే లెక్క. మిసిసిపీ రాష్ట్రంలోని బిలాక్సీ నుంచి బయల్దేరి, లూసియానాకి చెందిన షాండలూర్ దీవుల వెనక లంగరు వేసుకుని ఉండి వచ్చాం, ఆరుగురం. ఎలా ఉందని చాలామంది అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఇలాంటి ట్రిప్పులో మనం డబ్బు పెట్టేది రెండు గంటల కోసం: పొద్దుగూకే గంట, తెల్లవారే గంట. ఆ రెండింటికీ చేపలున్న చోటే మనం ఉండాలి. పడవ ఎంత బాగున్నా, వంట ఎంత బాగున్నా, ఆ రెండు గంటలూ చేజారితే ఆ ట్రిప్పుకి పెట్టిన డబ్బు వృథా.

ఎందుకంటే పగటి చార్టర్‌లో రేవు దగ్గర కలిసి, సామాన్లు ఎక్కించి, గంటో గంటన్నరో పరిగెత్తి చేరేసరికి సూర్యుడు పైకి వచ్చేస్తాడు. ఇక్కడ అందరూ వేటాడే చుక్కల చేప, స్పెకిల్డ్ ట్రౌట్, వెలుతురు తక్కువగా ఉన్నప్పుడే బాగా తింటుంది. వేసవిలో గుడ్లు పెట్టేది కూడా సాయంత్రం చీకటి పడే వేళకే, అప్పుడు మగ చేపలు గాలితిత్తిని అదిరిస్తూ గురగురమని శబ్దం చేస్తాయి. చేత్తో పట్టుకుంటే ఆ అదురు వేళ్లకి తెలుస్తుంది. ఇంకో సంగతి, ఆటుపోట్లు. చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు వస్తాయి కదా, గల్ఫ్ ఉత్తర తీరంలో ఎక్కువ రోజులు ఒకటే పోటు, ఒకటే ఆటు. నీళ్లు ఎక్కేదీ దిగేదీ అడుగో, అడుగున్నరో, అంతే. అవి కదులుతున్నంతసేపే చేపలకి ఆకలి, నిలిచిపోతే గాలం ఎంత విసిరినా దండగ. ఆరు గంటల చార్టర్‌లో ఆ నిలిచిపోయిన సమయమే మనకి రాసిపెట్టి ఉంటే ఏం చేస్తాం? రాత్రి ఉండే ట్రిప్పులో ఎప్పుడో ఒకప్పుడు కదిలే నీళ్లు దొరికి తీరతాయి.

ఇక చోటు గురించి. షాండలూర్ దీవులు నెలవంకలా వంగిన సన్నటి ఇసుక దిబ్బలు. ఒకప్పుడు మిసిసిపీ నది ఇటుగా పారి ఒక డెల్టా కట్టింది, తర్వాత దారి మార్చుకుంది, వదిలేసిన ఆ ఒండ్రుని అలలు కోసి కోసి మిగిల్చిందే ఈ దీవులు. అంటే కొత్త మట్టి వచ్చే దారి లేదు, ప్రతి తుఫానుకీ కొంత పోతూనే ఉంటుంది. 2005లో కత్రినా చాలా భాగాన్ని తుడిచిపెట్టింది, అక్కడి పాత లైట్‌హౌస్ కూడా అప్పుడే పోయింది. ఇదంతా బ్రెటన్ వన్యప్రాణి ఆశ్రయంలో భాగం, 1904లో అప్పటి అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఏర్పాటు చేసింది. ఊరు లేదు, రేవు లేదు, దుకాణం లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. పెలికాన్లు మాత్రం కావలసినన్ని. 2022లో ఇక్కడి ఇసుకలో కెంప్స్ రిడ్లీ తాబేలు పిల్లలు కనిపించాయి, ఈ దీవుల్లో 75 ఏళ్లలో అదే మొదటిసారట. అంత అరుదైన చోటు కాబట్టి దయచేసి గూళ్లున్న వైపు అడుగు పెట్టకండి, కెప్టెన్ చెప్పిన హద్దు దాటకండి.

దీవులకి తూర్పున గల్ఫ్ అలలు, పడమటి వైపు మోకాలి లోతు నుంచి నడుము లోతు దాకా తేట నీళ్లు, అడుగున సముద్రపు గడ్డి. ఈ గడ్డిలోనే అసలు విశేషమంతా ఉంది. రొయ్యలు, పీతలు, చిన్న చేపలు అందులో దాక్కుంటాయి, వాటి కోసం ట్రౌట్, రెడ్‌ఫిష్ వస్తాయి. లూసియానాలో మిగతాచోట్ల నది బురదతో నీళ్లు టీ రంగులో ఉంటాయి, ఇక్కడ మన కాళ్లు మనకి కనిపిస్తాయి. ఈ తేడా చూశాక వెనిస్ వైపు మళ్లీ వెళ్లాలనిపించడం లేదు నాకు.

బిలాక్సీ నుంచి దాదాపు 30 మైళ్లు. హార్న్, షిప్ దీవుల మధ్య నుంచి బయటికి వచ్చాక కాసేపు పడవ బాగానే ఊగుతుంది. వికారం వచ్చేవాళ్లు మెక్లిజిన్ మాత్ర బయల్దేరే ముందు రాత్రి ఒకటి వేసుకుంటే మంచిది, ఊగడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. మాలో ఒకతను పడవంటేనే భయపడేవాడు, డెక్ మీద నిలబడి దూరంగా చూస్తూ వచ్చాడు, ఏ ఇబ్బందీ లేదు. షాండలూర్ వెనక్కి చేరాక నీళ్లు చెరువులా ఉంటాయి, ముఖ్యంగా గాలి తూర్పు నుంచో ఆగ్నేయం నుంచో వస్తుంటే. పడమర గాలి, వాయవ్యం గాలి తిరిగితే మాత్రం దాక్కోవడానికి చోటు ఉండదు. అలాంటప్పుడు ట్రిప్పు వాయిదా వేసే కెప్టెన్ మంచి కెప్టెన్.

ఈ ట్రిప్పులు సాధారణంగా ఇలా నడుస్తాయి: పెద్ద పడవ ఒకటి, దాన్ని మదర్‌షిప్ అంటారు, అందులో పడుకోవడానికి బంకులు, వంటగది, జనరేటర్. దాంతో పాటు చదునుగా ఉండే చిన్న పడవలు, స్కిఫ్‌లు, వస్తాయి. పెద్ద పడవ లంగరు వేశాక ఇద్దరిద్దరు చొప్పున స్కిఫ్ ఎక్కి గడ్డి మీదకి వెళ్లాలి. బుక్ చేసేటప్పుడు అందరూ బంకులు, ఏసీ ఫోటోలు చూస్తారు. నేనైతే అడగమనేది స్కిఫ్‌ల గురించి. ఎన్ని ఉన్నాయి, మోటర్లు ఎప్పటివి, వాటిని నడపడానికి గైడ్ వస్తాడా లేక మనమే నడుపుకోవాలా? ప్రతి తుఫాను తర్వాత ఇసుక తిన్నెలు జరిగిపోతాయి, పాత సముద్ర పటం నమ్ముకుంటే తిన్నె మీదకెక్కి కూర్చోవాల్సిందే. మొదటిసారి వెళ్లేవాళ్లు గైడ్ ఉన్నదే తీసుకోండి.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అంతకుముందు ఇంకో పడవలో ఇలాంటి ట్రిప్పే చేశాం, పేరు రాయను. గదులు చక్కగా ఉన్నాయి, భోజనం అయితే హోటల్ స్థాయి. కానీ కెప్టెన్ తనకి వీలైన చోట, గడ్డికి చాలా దూరంగా లంగరు వేశాడు, తెల్లారుజామున రెండు స్కిఫ్‌ల మోటర్లు స్టార్ట్ కాలేదు. స్పార్క్ ప్లగ్గులు మార్చి, తాడు లాగీ లాగీ, మేం గడ్డి మీదకి చేరేసరికి ఎండ మండిపోతోంది. చెప్పిన సారీ, తగ్గించిన కొద్దిపాటి డబ్బు ఆ ఉదయాన్ని తిరిగి తెస్తాయా? ఈసారి పడవ పాతది, బంకులు ఇరుకు, పరుపులు పల్చన. అయినా లంగరు వేసే ముందు కెప్టెన్ గాలి చూశాడు, నీళ్లు ఎటు లాగుతున్నాయో చూశాడు, ఒకచోట వేసి నచ్చక మళ్లీ ఎత్తించి ఇంకోచోట వేయించాడు. అరగంట పట్టింది. ఆ అరగంటతోనే ఆయన మీద నాకు గురి కుదిరింది.

సాయంత్రం రెండు గంటల వెలుతురు దొరికింది. ఎక్కువగా వాడింది పాపింగ్ కార్క్, అంటే గిన్నెలా లోపలికి పోయిన తల ఉన్న బెండు, దాని కింద రెండడుగుల దారానికి ప్లాస్టిక్ రొయ్య. రాడ్‌ని ఒక్కసారి చిన్నగా విదిలిస్తే బెండు నీళ్లని గుప్పున మింగినట్టు చప్పుడు చేస్తుంది. రొయ్యని ఇంకో చేప పట్టిందనుకుని ట్రౌట్ చూడటానికి వస్తుంది. విదిలించాక ఆగాలి, మూడు నాలుగు సెకన్లు. చేప కొట్టేది ఆ ఆగినప్పుడే. బెండు మునగ్గానే మావాడు ఒకడు రాడ్‌ని ఆకాశానికి లేపేశాడు, గైడ్ "నెమ్మదిగా" అనేలోపే చేప పోయింది. ట్రౌట్ నోరు కాగితంలా పల్చన, గట్టిగా లాగితే చినిగిపోతుంది. "ఒరేయ్, లాగకురా, తిప్పుతూ ఉండు చాలు" అని పక్క పడవ నుంచి ఒకటే అరుపులు. పైకి వచ్చాక చూడాలి దాన్ని: వీపు మీద నల్ల చుక్కలు, పక్కల వెండి మీద లేత ఊదా మెరుపు, నోటి లోపల పసుపు, పై దవడకి ముందర కోరల్లాంటి పళ్లు. ఆ ఊదా రంగు ఐసులో పెట్టిన కొద్ది నిమిషాలకే పోతుంది, కాబట్టి ఫోటో తీసుకునేవాళ్లు వెంటనే తీసుకోవాలి.

రాత్రి భోజనం అయ్యాక డెక్ పక్కన నీళ్లలోకి ఆకుపచ్చ లైటు దించారు. ఇది ఉన్న పడవనే ఎంచుకోండి, ఖచ్చితంగా. పావుగంటకి దుమ్ములాంటి చిన్న జీవాలు చేరాయి, వాటి కోసం వేలెడంత చేపలు వచ్చి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. పెద్దవి వెలుగులోకి రావు. వెలుగూ చీకటీ కలిసే అంచు దగ్గర నీడల్లా నిలబడి ఉంటాయి, ఉన్నట్టుండి ఒకటి దూసుకొచ్చి చప్పున కొట్టి మళ్లీ చీకట్లోకి. గాలం లైటు మధ్యలో వేసినవాళ్లకి ఏమీ పడలేదు, అంచుకి అవతల వేసి చీకట్లోంచి వెలుగులోకి లాక్కొచ్చినవాళ్లకే పడ్డాయి. అర్ధరాత్రి దాటినా ఎవరికీ పడుకోవాలనిపించలేదు.

నిద్ర సంగతి కూడా చెప్పాలి. జనరేటర్ మోత రాత్రంతా ఉంటుంది, ఇయర్ ప్లగ్గులు తప్పనిసరి. మంచినీళ్ల ట్యాంకు చిన్నది కాబట్టి స్నానం అంటే రెండు నిమిషాలు. టాయిలెట్ ఎలా వాడాలో ఎక్కగానే చూపిస్తారు, అది శ్రద్ధగా వినండి, మూసుకుపోతే ఆరుగురికీ ఇబ్బందే. మాలో ఒకరు శాకాహారి, వారం ముందే చెప్పాం, వంటాయన విడిగా పాన్ పెట్టి చేశాడు, అడగకుండానే పొద్దున టిఫిన్ కూడా అలాగే చేసి పెట్టాడు. ఆ మనిషికి ఎంత టిప్పు ఇచ్చినా తక్కువే.

తెల్లవారుజామున నీళ్లలోకి దిగి నడుస్తూ వేటాడటం, వేడ్ ఫిషింగ్, ఈ ట్రిప్పుకి ప్రాణం. దానికి కొన్ని జాగ్రత్తలు మాత్రం కావాలి. అడుగు ఎత్తి వేయకూడదు, ఇసుకలో పాదాలు ఈడుస్తూ నడవాలి, అప్పుడు స్టింగ్‌రే చేపలు అలికిడికి తప్పుకుంటాయి, తొక్కితే తోక ముల్లు దింపుతాయి. పట్టిన చేపల్ని నడుముకి కట్టుకోకండి, సొరలు వాటి కోసం వస్తాయి. పొడవాటి తాడు కట్టి దూరంగా వదలండి, లేదంటే స్కిఫ్‌లో ఐసుపెట్టెలో వేసేయండి. ఒంటి మీద తెగిన గాయం ఉంటే దిగవద్దు. వేడి ఉప్పునీళ్లలో విబ్రియో వల్నిఫికస్ అనే బాక్టీరియా ఉంటుంది, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకి అది ప్రాణాంతకం కావచ్చు. మా గైడ్ దిగే ముందు అందరి కాళ్లూ చూశాడు, ఒకతనికి మడమ దగ్గర గీరుకుపోయి ఉంటే పడవలోనే ఉండమన్నాడు. అతను నొచ్చుకున్నాడు గానీ గైడ్ చేసింది నూటికి నూరు పాళ్లు సరైన పని. అతనికే తర్వాత స్కిఫ్ మీద నుంచి రెడ్‌ఫిష్ పడింది, తోక దగ్గర నల్ల మచ్చతో, రాగి రంగులో. రీల్‌లోంచి దారం గిర్రున లాక్కుపోతుంటే ఆ ముఖం చూడాలి!

నియమాల దగ్గర అశ్రద్ధ వద్దు. లూసియానాలో 2023 నవంబరు నుంచి ట్రౌట్ మనిషికి రోజుకి 15, పొడవు 13 నుంచి 20 అంగుళాల మధ్య ఉండాలి, 20 దాటినవి రెండే ఉంచుకోవచ్చు. పెద్దవన్నీ దాదాపు ఆడవే, గుడ్లు ఎక్కువ పెట్టేవీ అవే, అందుకే ఈ పద్ధతి. 2024 జూన్ నుంచి రెడ్‌ఫిష్ నాలుగే, 18 నుంచి 27 అంగుళాలు, 27 దాటితే వదిలేయాల్సిందే. పడవ బయల్దేరేది మిసిసిపీలో, వేట లూసియానాలో, కాబట్టి ఏ లైసెన్స్ తీసుకోవాలి, చేపలు ఒడ్డుకి ఎన్ని తేవచ్చు అన్నది బుకింగ్ రోజే కెప్టెన్‌ని అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇంకొకటి, మామూలు చార్టర్ లైసెన్స్‌తో ఆరుగురు ప్రయాణికులనే ఎక్కించుకోవచ్చు, అంతకు మించితే పడవకి కోస్ట్ గార్డ్ తనిఖీ సర్టిఫికెట్ ఉండాలి. గుంపు పెద్దదైతే అది చూపించమనండి, చూపించడానికి మొహమాటపడే పడవ ఎక్కకండి.

ఖర్చు, టిప్పుతో కలిపి మాకు మనిషికి వెయ్యి డాలర్ల దరిదాపుల్లో తేలింది. బుక్ చేసే ముందు పెట్రోలు, ఐసు, ఎరలు, చేపలు కోసిచ్చే పని ధరలో కలిసి ఉన్నాయో లేదో విడివిడిగా అడగండి. సిబ్బందికి 15 నుంచి 20 శాతం ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ, అది నగదుగా పట్టుకెళ్లండి. చేప తలతో సహా ముక్కలు కావాలనుకునేవాళ్లు కత్తి పెట్టకముందే చెప్పాలి, లేకపోతే అన్నీ ఫిల్లెట్లే, అంటే ముల్లు తీసిన ముక్కలే, వస్తాయి.

పిల్లలతో వెళ్లేవాళ్లకి గ్రాండ్ ఐల్ నయం. ఇల్లు అద్దెకి తీసుకోవచ్చు, విసుగొస్తే ఇంటికి వచ్చేయొచ్చు. వెనిస్ రోడ్డు ఆఖరయ్యే ఊరు, లోతు సముద్రంలో ట్యూనా కోసం వెళ్లేవాళ్లకి అదే సరైనది. గాలం పట్టడం కాస్త వచ్చిన స్నేహితులు నలుగురైదుగురు కలిసి, ఇరుకు బంకు పర్వాలేదనుకుంటే మాత్రం షాండలూర్‌కే వెళ్లండి. మే, జూన్ తేదీలు చాలా ముందే నిండిపోతున్నాయి, మేం వచ్చే ఏడాదికి అడిగితే మాకు దొరికింది అక్టోబరు. నీళ్లు చల్లబడ్డాక రెడ్‌ఫిష్ బాగా ఉంటుందని కెప్టెన్ చెప్పాడు, అడ్వాన్స్ కట్టేశాం.