సంక్రాంతి సెలవుల ‘ఫ్యామిలీ పాస్’ కొనే ముందు వెనక వైపు చదవండి: వైజాగ్‌లో మాకు జరిగింది ఇదీ

పిల్లలున్న విశాఖ వాళ్లందరూ దయచేసి ఒక్కసారి ఇది చదవండి. ‘నలుగురికి ఒకే పాస్, అయిదు చోట్లు, 2,499 రూపాయలు’ అంటూ షాపింగ్ మాల్ ముందు, ఎగ్జిబిషన్ గేటు దగ్గర చిన్న టేబుల్ వేసుకుని అమ్ముతున్నారు. డిసెంబరు రెండో వారంలో మేం ఒకటి కొన్నాం. సంక్రాంతి సెలవులు మొత్తం అయిపోయాయి, ఆ పాస్‌తో ఒక్క చోటికి కూడా లోపలికి వెళ్లలేకపోయాం. వేసవి సెలవులకు మళ్లీ ఇదే టేబుల్ పడుతుంది కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

మా ఇల్లు గోపాలపట్నం వైపు. పాప అయిదో తరగతి, బాబు ఒకటో తరగతి. మావారిది దువ్వాడ వైపు కంపెనీ ఉద్యోగం, పండగకి దొరికేది లెక్కపెట్టిన నాలుగు రోజుల సెలవు. జనవరి 10 నుంచి 18 వరకు బడికి సెలవులిచ్చారు. భోగికి చోడవరం దగ్గర మా అత్తగారి ఊరు వెళ్లాలి, ఆ లోపు పిల్లల్ని ఊళ్లోనే ఎక్కడికైనా తిప్పుదాం అనుకున్నాం. అలాంటప్పుడు ఆ పాస్ చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. పిల్లల ప్లే జోన్, మంచు గది, వాటర్ పార్క్, కైలాసగిరి రోప్‌వే, ఆ పైన బొర్రా గుహలు, అరకు ఒక రోజు బస్సు యాత్ర, టిఫిను, భోజనంతో సహా. విడివిడిగా వెళ్తే ఎనిమిది వేలవుతుందని ఆ టేబుల్ దగ్గర కుర్రాడు కాగితం మీద కూడి చూపించాడు. ఆ రోజు మాత్రమే ఆఫరని కూడా అన్నాడు. పది రోజుల తర్వాత అటు వెళ్తే అదే టేబుల్, అదే ‘ఈ రోజు మాత్రమే’.

డబ్బు ఫోన్లోనే కట్టాను. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సంస్థ పేరు రాలేదు, ఎవరో మనిషి పేరు వచ్చింది. అడిగితే ‘మా మేనేజర్ అకౌంట్ మేడం’ అన్నాడు. అక్కడే ఆగాల్సింది. రసీదు మీద ‘జీఎస్టీతో కలిపి’ అని ఉంది తప్ప జీఎస్టీ నంబరు లేదు. నిజంగా జీఎస్టీ వసూలు చేసే వాళ్ల బిల్లు మీద 15 అక్షరాల నంబరు ఉంటుంది, మన రాష్ట్రంలో రిజిస్టరైతే అది 37తో మొదలవుతుంది. జీఎస్టీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరు మీదుందో లాగిన్ లేకుండానే కనిపిస్తుంది. నిమిషం పని. ఇది నాకు డబ్బు పోయాక తెలిసింది.

10వ తేదీ శనివారం ముందు ప్లే జోన్‌కి వెళ్లాం. బాబు గుమ్మంలోనే బూట్లు విప్పేసి రాక్‌లో పెట్టేశాడు, లోపల ట్రాంపొలిన్ మీద ఎగురుతున్న పిల్లల్ని చూస్తూ నిలబడ్డాడు. కౌంటర్‌లో అమ్మాయి పాస్ తీసుకుని వెనక్కి తిప్పింది. ‘అండీ, ఇది శని, ఆదివారాలు చెల్లదు. పండగ సెలవుల్లో అసలు చెల్లదు. ఇక్కడ రాసుంది చూడండి’ అంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, మర్యాదగానే చెప్పింది. వెనక వైపు ఆవగింజంత అక్షరాల్లో, ఇంగ్లీషులో, లేత బూడిద రంగులో ఉంది ఆ షరతు. లోపలికి వెళ్లాలంటే మామూలు టికెట్, సాక్సులకు మళ్లీ వేరే. ఇద్దరు పిల్లలకీ అడిగిన మొత్తం విని మావారు నా వైపు చూశారు. బాబుకి మళ్లీ బూట్లు తొడగడానికి పది నిమిషాలు పట్టింది. వాడు ఏడవలేదు. ‘మనకి ఇవ్వరా అమ్మా?’ అని మాత్రం అడిగాడు.

ఇంటికొచ్చి క్యాలెండర్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. పాస్ గడువు జనవరి 31. చెల్లని రోజులు: శని, ఆదివారాలు, ప్రభుత్వ సెలవులు, డిసెంబరు 24 నుంచి జనవరి 1, జనవరి 9 నుంచి 18. ఒక్కొక్కటే పెన్సిలుతో కొట్టేసుకుంటూ పోతే మిగిలినవన్నీ బడి ఉన్న రోజులే. అంటే పిల్లల సెలవుల కోసమని అమ్మిన పాస్, పిల్లలకు సెలవున్న ఒక్క రోజు కూడా పనికిరాదు. అమ్మేటప్పుడు ఈ ముక్క ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు.

కాస్త ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. ఇలాంటి తగ్గింపులు జనం రాని రోజుల్లో ఖాళీలు నింపుకోవడానికి ఇస్తారు. సంక్రాంతికి ఎలాగూ కిటకిటలాడే చోట తగ్గింపు ఇవ్వాల్సిన అవసరం ఎవరికుంటుంది? అందుకే సెలవుల పాస్ అని ఎవరైనా చూపిస్తే ధర సంగతి తర్వాత, ముందు తేదీలు అడగండి. ‘జనవరి 13న నా ఇద్దరు పిల్లలతో వస్తాను, చెల్లుతుందా?’ అని తేదీతో సహా అడిగి, జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాటగా ‘ఎప్పుడైనా రండి మేడం’ అంటే నమ్మకండి.

అసలు బాధ అరకు బస్సుది. శనివారమే పాస్ అమ్మినతనికి ఫోన్ చేసి గట్టిగా అడిగాను. ‘ప్లే జోన్ వాళ్ల రూల్ వేరండి, బస్సు మా సొంతం, 12వ తేదీ సోమవారం మీ నాలుగు సీట్లు కన్ఫర్మ్’ అన్నాడు. తెల్లవారుజామున 4:45కి ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ కింద నిలబడమన్నాడు. మూడింటికే లేచి పులిహోర కలిపాను. ఘాట్ రోడ్డు కదా అని పాపకి వాంతుల మాత్ర వేశాను. బాబుకి మంకీ క్యాప్, రెండు స్వెట్టర్లు. వాడు పులిహోర డబ్బా ఎవరికీ ఇవ్వకుండా రెండు చేతులతో పొట్టకి ఆనించి పట్టుకున్నాడు, వెచ్చగా ఉందని.

అయిదుకి ఫోన్ చేస్తే ‘మద్దిలపాలెంలో ఉన్నాం’. అయిదున్నరకి ‘కంచరపాలెం వచ్చేశాం’. ఆరింటికి ఎత్తలేదు. పక్కన టీ కొట్టాయన చాలాసేపటి నుంచి చూస్తున్నాడు. ‘ఏటమ్మా, అరకు బస్సేనా? మొన్న కూడా ఒక ఫ్యామిలీ ఇలాగే నిలబడిపోయారు’ అని పిల్లలిద్దరికీ పాలు ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. ఏడు దాటాక అవతల నుంచి ఫోన్ వచ్చింది. పండగ సీజన్ కాబట్టి మనిషికి 900 ‘డిఫరెన్స్’ కడితేనే సీటట. నలుగురికి 3,600. పాస్ ధర కన్నా ఎక్కువ. కట్టనన్నాను. ‘మీ ఇష్టం మేడం’ అని పెట్టేశాడు. మాత్ర మత్తుకి పాప నా భుజం మీద నిద్రపోయింది, ఆటోలో ఇంటికి వచ్చేశాం. చల్లారిపోయిన పులిహోర ఇంట్లో తిన్నాం.

ఆ సమయానికి కిరండూల్ రైలు వెళ్లిపోయింది. నన్ను ఎక్కువ కుదిపింది అదే. రోజూ పొద్దున్నే మా ఇంటి వెనక పట్టాల మీద నుంచి కొత్తవలస వైపు వెళ్లే రైలు అది, సొరంగాలు దాటుకుంటూ బొర్రా గుహలు, అరకు మీదుగా పోతుంది. అద్దాల పెట్టె విస్టాడోమ్ ఖరీదెక్కువే గానీ మామూలు పెట్టెలో టికెట్ ఎంతో కాదు, కిటికీ పక్క చోటు దొరికితే పిల్లలకు అంతకన్నా ఏం కావాలి. తిరుగు ప్రయాణానికి అరకు నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. పండగ రోజుల్లో రైలుకి ముందే రిజర్వేషన్ చేయించుకోవాలి, ఆ జాగ్రత్త ఒక్కటి చాలు. ఇంటి వెనక రైలు పెట్టుకుని ఎవడి బస్సు కోసమో చీకట్లో నిలబడ్డాం.

మర్నాడు మంగళవారం మావారు ‘ఇంక ఎవరి పాసూ వద్దు, పదండి’ అన్నారు. ఆర్కే బీచ్‌కి సిటీ బస్సులో వెళ్లాం. స్త్రీశక్తి పథకం వచ్చాక సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే నాకూ పాపకూ టికెట్ లేదు. మావారికి ఫుల్ టికెట్, బాబుకి ఆఫ్ టికెట్. కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్లాం. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన జలాంతర్గామి అది, ఆ మరుసటేడే మ్యూజియం చేశారు. లోపల ఎంత ఇరుకంటే గుండ్రటి తలుపుల్లోంచి పెద్దవాళ్లం వంగి దూరాలి, మా బాబు మాత్రం ఠీవిగా నడిచి వెళ్లిపోయాడు. ఇన్ని గొట్టాల మధ్య పడుకుంటే తలకి తగలదా అని గైడ్‌ని పాప పట్టి పట్టి అడిగింది, ఆయన కూడా ఓపిగ్గా చెప్పారు. రోడ్డు దాటితే టీయూ-142 విమానం. దాని రెక్కల కింద నిలబడి ఇద్దరూ మెడ నొప్పెట్టేదాకా పైకి చూశారు. ఆ రోజు టికెట్లు, బస్సు, సాయంత్రం మొక్కజొన్న పొత్తులు, మురీ మిక్చరు అన్నీ కలిపినా పాస్ ధరలో సగం కూడా కాలేదు. ఒక్క మాట: ఆర్కే బీచ్‌లో కాళ్లు తడుపుకోవడం వరకే. అక్కడ అడుగున లాగేస్తుంది, పిల్లల్ని స్నానానికి దింపకండి.

ఊరి నుంచి వచ్చాక 17న జూకి వెళ్లాం. కంబాలకొండ అడవిని ఆనుకుని 600 ఎకరాలకు పైనే ఉంటుంది, పొద్దున్నే వెళ్తే సాయంత్రం దాకా సరిపోతుంది. పెరుగన్నం కట్టుకుని వెళ్లండి. జూ గానీ సబ్‌మెరైన్ గానీ సోమవారం మూసేస్తారు, అది గుర్తుపెట్టుకోండి. 18న 900K నంబరు బస్సెక్కి భీమిలి దారిలో తొట్లకొండకి వెళ్లాం. కొండమీద రాతిలో తొలిచిన నీళ్ల తొట్లు చూపించి, అందుకే ఆ పేరు వచ్చిందని చెబితే పాప ఒక్కో తొట్టీ లెక్కపెట్టుకుంటూ తిరిగింది. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు వాన నీరు దాచుకున్న చోటు. అక్కడి నుంచి సముద్రం కనిపిస్తూ ఉంటుంది, జనవరి ఎండ ఒంటికి హాయిగా తగులుతుంది. ఈ చోట్లలో దేనికీ నెల ముందు పాస్ అక్కర్లేదు. కైలాసగిరి కూడా అంతే, టికెట్ అక్కడికక్కడే కొనుక్కోవచ్చు.

డబ్బు సంగతి. వెంటనే 1915కి ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. వివరాలు తీసుకుని ఫిర్యాదు నంబరు ఇచ్చారు. వాళ్లు తీర్పు ఇవ్వరు, అవతలి వాళ్లకు పంపి జవాబు అడుగుతారు. కొద్ది రోజులకి ఆ పాస్ మనిషే ఫోన్ చేసి, వెయ్యి రూపాయలు వేస్తాను, ‘పూర్తిగా సెటిలైంది’ అని మెసేజ్ పెట్టమన్నాడు. పెట్టలేదు. పాస్ ఇచ్చిన తేదీ, వాళ్లు చెప్పిన మాట, వెనక షరతులు, ఆ రోజు పొద్దున కాల్ లిస్టు స్క్రీన్‌షాట్లు అన్నీ ఒక ఫైల్లో పెట్టాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాం. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, మనం ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల లోపు వేయాలి. 2,499 కోసం ఇంత అవసరమా అని మా అత్తగారు అన్నారు. ఆ పొద్దున బాబు ఆ పులిహోర డబ్బా పట్టుకుని నిలబడ్డ తీరు నాకు ఇంకా కళ్లముందే ఉంది అత్తయ్యా అన్నాను. ఆవిడ మళ్లీ ఏమీ అనలేదు.

మీరు కట్టింది ఎక్కడా టేబుల్ కూడా లేని, ఫోన్లో మాత్రమే కనిపించిన వాళ్లకైతే, కట్టగానే నంబరు స్విచ్ఛాఫ్ అయితే, 1915 కాదు, వెంటనే 1930కి చేయండి. సైబర్ మోసాలకు అది. ఎంత త్వరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలోంచి కదలకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇదే పాస్ మీ దగ్గర కూడా ఉంటే ఈ పని ఇవాళే చేయండి. రసీదు, పాస్ రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి. మాకిచ్చిన రసీదు మెషీన్‌లోంచి వచ్చే నున్నటి కాగితం మీద ఉంది. పర్సులో పెట్టిన నెలన్నరకే అక్షరాలు చెరిగిపోయాయి, తేదీ, మొత్తం మాత్రం లీలగా కనిపిస్తున్నాయి.