మైక్రోవేవ్ ఓవెన్ గోల చేస్తోందా? మనమే బాగుచేసుకోవడం, మెకానిక్, కొత్తది: ఏది మేలు?

నిన్నటిదాకా బాగానే ఉన్న ఓవెన్ ఉన్నట్టుండి గరగరలాడటం మొదలుపెడితే మన ముందు మూడు దారులుంటాయి. మనమే చూసుకోవడం, మెకానిక్‌ని పిలవడం, దాన్ని వదిలించుకుని కొత్తది కొనడం. చాలామంది ఖర్చు చూసో, ఓవెన్ ఎంత పాతదో చూసో తేల్చేస్తారు గానీ, నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది చప్పుడు ఎక్కడినుంచి వస్తోందన్నది. తలుపు తీస్తే చేతికి అందే చోటినుంచి వస్తుంటే అది మన పని. పైకవరు స్క్రూలు విప్పితే తప్ప కనిపించని చోటినుంచి వస్తుంటే మన పని కాదు, అంతే.

అసలు అన్ని చప్పుళ్లూ రోగాలు కావు. ఓవెన్ నడుస్తున్నప్పుడు సన్నగా గుయ్యిమనడం ట్రాన్స్‌ఫార్మర్ సహజ గుణం. కరెంటు 50 హెర్ట్జ్ అయితే ఆ మోత 100 హెర్ట్జ్‌లో, 60 అయితే 120లో వినిపిస్తుంది. పవర్ తగ్గించి పెట్టినప్పుడు కొన్ని సెకన్లకోసారి టక్కుమని, మోత పెరిగి మళ్లీ తగ్గితే కంగారు పడక్కర్లేదు, మామూలు ఓవెన్లు తక్కువ పవర్‌ని అలా ఆపుతూ నడుపుతూనే ఇస్తాయి. వంట అయ్యాక కాసేపు ఫ్యాన్ తిరగడం కూడా చాలా మోడళ్లలో మామూలే. కొత్తగా వచ్చిన చప్పుడు, రోజురోజుకీ పెరిగే చప్పుడు, వాసనతోనో మెరుపుతోనో కలిసి వచ్చే చప్పుడు, వీటినే పట్టించుకోవాలి.

ఎక్కడినుంచో తెలుసుకోవడానికి ఏ పనిముట్లూ అక్కర్లేదు. ఒక గాజు కప్పులో నీళ్లు పెట్టి నడపండి (ఖాళీ ఓవెన్‌ని మైక్రో మోడ్‌లో నడపకూడదు, పీల్చుకునేది ఏమీ లేక తరంగాలు తిరిగి వాటిని పుట్టించే మాగ్నెట్రాన్ అనే భాగం మీదికే వెళ్తాయి). తర్వాత గ్లాస్ ప్లేటు, దాని కింది రోలర్ రింగు తీసేసి, మధ్యలో తిరుగుతూ ప్లేటుని తిప్పే కప్లర్‌కి తగలకుండా కప్పును పక్కగా పెట్టి అర నిమిషం నడపండి. గోల మాయమైతే సమస్య ప్లేటుదో రింగుదో, ఇంకా మంచిదే. పోకపోతే పవర్‌ని బాగా తగ్గించి, నీళ్ల కప్పుతోనే రెండు నిమిషాలు చెవి పెట్టండి. ఇందులో ఫ్యాన్, ప్లేటు మోటార్ ఆగకుండా తిరుగుతాయి, మాగ్నెట్రాన్ మాత్రం వచ్చి పోతుంటుంది, కాబట్టి గోల కూడా వచ్చి పోతుంటే అది మాగ్నెట్రాన్, దానికి కరెంటు పెంచి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఉండే హైవోల్టేజ్ వైపుది, ఒకేలా సాగుతుంటే ఫ్యాన్‌దో మోటార్‌దో. ఇన్వర్టర్ మోడళ్లు పవర్‌ని ఇలా ఆపి ఆపి ఇవ్వవు కాబట్టి వాటిలో ఈ పరీక్ష అంత స్పష్టంగా తేలదు. గ్రిల్ ఉన్న ఓవెన్ అయితే ఇంకో సులువు ఉంది: గ్రిల్ ఒక్కటే పెట్టి నిమిషం నడపండి, అందులో మాగ్నెట్రాన్ పనిచేయదు, అయినా గోల ఉంటే నేరం దానిది కాదన్నమాట. కన్వెక్షన్‌లో మాత్రమే వస్తుంటే వేడిగాలి తిప్పే ఫ్యాన్‌ని అనుమానించాలి.

ఇప్పుడు మొదటి దారి. టకటక, గరగర, కిర్రుకిర్రు, ఇవి ఎక్కువగా ప్లేటు దగ్గరివే, మెకానిక్‌ని పిలవడం దండగ. రోలర్ రింగు బయటికి తీసి ఒక్కో చక్రాన్ని గోటితో తిప్పి చూడండి. మూడింట్లో ఒకటి బిగుసుకుపోయి ఉంటుంది, ఇరుసు చుట్టూ జిడ్డు గోధుమరంగులో బంకలా పేరుకుని అందులో ఒక వెంట్రుక చుట్టుకుని కనిపిస్తుంది. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమి ఆరబెడితే సరి. చక్రాలు పరుగెత్తే దారిని కూడా తడిగుడ్డతో తుడవండి, అక్కడ గట్టిపడిన మెతుకంత ముక్క చాలు ప్రతి చుట్టుకీ ఒకసారి టక్కుమనడానికి. కప్లర్ పగిలిందేమో, ప్లేటు అడుగున గాడి దాంట్లో సరిగ్గా కూర్చుంటోందా చూడండి. ఒక్క మాట, చక్రాలకి నూనె రాయకండి, వేడికి అది మళ్లీ బంకే అవుతుంది. ఓవెన్ కాళ్లు నాలుగూ సమంగా ఆనుతున్నాయా, దాని మీద పెట్టిన డబ్బాలు అదురుతున్నాయా అన్నది కూడా చూడాలి, చిన్న విషయమే అయినా పెద్ద గోల చేస్తుంది.

చిటపటమని మెరుపులొస్తే మాత్రం వెంటనే ఆపి ప్లగ్గు తీసేయండి. లోపల లోహం గానీ బంగారు అంచున్న గిన్నె గానీ లేకపోతే, లోపలి పక్కగోడకి బిగించి ఉండే, పల్చటి అట్టలాంటి మైకా షీటు చూడండి. దాని మీద జిడ్డు పడి, మాడి నల్లబడిన మచ్చ ఉంటే మెరుపులు అక్కడినుంచే. మచ్చ పైపైన ఉంటే తుడిచి బాగా ఆరబెట్టి మళ్లీ పెట్టొచ్చు, మాడి చిల్లు పడితే మార్చాల్సిందే. విడిగా దొరికే షీటుని పాత ముక్క కొలతకి కత్తెరతో కత్తిరించుకోవచ్చు. అది లేకుండా ఓవెన్ నడపకండి, ఆవిరి, జిడ్డు నేరుగా మాగ్నెట్రాన్ వైపు వెళ్తాయి.

మరి కవరు విప్పి మనమే చూసుకుంటే? ఇక్కడ నేను గట్టిగా వద్దంటాను. ట్రాన్స్‌ఫార్మర్ ఇంటి కరెంటుని దాదాపు 2000 వోల్టులకి పెంచుతుంది, కెపాసిటర్, డయోడ్ కలిసి దాన్ని 4000 దాకా తీసుకెళ్తాయి, ప్రాణం తీయడానికి చాలినంత కరెంటు కూడా అందులో ఉంటుంది. ప్లగ్గు తీసినా కెపాసిటర్‌లో చార్జ్ మిగిలిపోవచ్చు. దాన్ని నెమ్మదిగా ఖాళీ చేసే రెసిస్టర్ చాలావాటిలో ఉంటుంది గానీ, అది చెడిపోయిందో లేదో బయటినుంచి తెలియదు. స్క్రూడ్రైవర్ ఆనించి డిశ్చార్జ్ చేసేయొచ్చని ధైర్యం చెప్పేవాళ్ల మాట వినకండి, ఫ్యాన్ కీచుమంటోందని మొదలుపెట్టిన పని ప్రాణం మీదికి తెచ్చుకోవడానికా? ప్లేటు తిప్పే మోటార్ ఒక్కదాన్ని మినహాయించొచ్చేమో. చాలా మోడళ్లలో అడుగున చిన్న రేకు తీస్తే అది అందుతుంది, కానీ కరెంటు పనిలో చెయ్యి తిరిగినవాళ్లకే ఆ మాట, అదీ ప్లగ్గు తీసేశాకే. కొత్త మోటార్ వోల్టేజ్ పాతదాని మీద రాసినదే ఉండాలి: కొన్నిటికి నేరుగా ఇంటి కరెంటు, కొన్నిటికి 21 వోల్టులో 30 వోల్టులో.

మెకానిక్కా, కొత్తదా అన్నది ఏ పార్టు పోయిందన్నదాన్ని బట్టి. ఫ్యాన్ బేరింగ్ కీచుమంటుంటే మెకానిక్కే మేలు. గుర్రుమని మోత బాగా పెరిగి, నీళ్లు కూడా వేడెక్కకపోతే చాలావరకు డయోడ్, కెపాసిటర్, మాగ్నెట్రాన్‌లలో ఏదో ఒకటి షార్ట్ అయి ఉంటుంది. మొదటి రెండూ చవకైన పార్టులు, వాటికోసం ఓవెన్ పారేయడం అన్యాయం. మాగ్నెట్రాన్, ట్రాన్స్‌ఫార్మర్, ఇన్వర్టర్ బోర్డు, వీటిలో ఏది పోయినా పాత ఓవెన్ అయితే నేను కొత్తదానివైపే మొగ్గుతాను. ఎటూ తేల్చుకోలేకపోతే ఒక లెక్క వేయండి: లీటరు చల్లని నీళ్లని పూర్తి పవర్‌లో ఒక నిమిషం పెట్టి, కలిపి, ఎన్ని సెల్సియస్ డిగ్రీలు పెరిగిందో 70తో గుణిస్తే సుమారుగా వాట్లు వస్తాయి. 10 డిగ్రీలు పెరిగితే 700 వాట్లు. లేబుల్ మీద రాసిన అవుట్‌పుట్ కన్నా బాగా తక్కువొస్తే మాగ్నెట్రాన్ నీరసించిందని అనుమానించొచ్చు. తలుపు వంగినా, సరిగ్గా మూసుకోకపోయినా, లోపలి రేకు తుప్పుపట్టి చిల్లు పడినా ఇక ఈ లెక్కలేవీ అక్కర్లేదు, వాడటం ఆపేయండి.

మెకానిక్ వచ్చేదాకా వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. ప్లేటు గరగరలాడుతూ అయినా తిరుగుతుంటే వాడొచ్చు. ఫ్యాన్ కీచుమంటుంటే వద్దు, అది ఆగిందంటే మాగ్నెట్రాన్ వేడెక్కి చిన్న రిపేరు కాస్తా పెద్దదవుతుంది. చిటపట, గుర్రు అయితే ప్లగ్గు తీసేసి ఉంచండి, మెకానిక్ రాగానే గోల ఏ పరీక్షలో వచ్చిందో, దేంట్లో రాలేదో చెప్పండి, అతనికి సగం పని తప్పుతుంది.