గ్రీన్ టిక్‌ను ఎంత నమ్మాలి: వార్డులో బార్‌కోడ్ స్కానర్‌తో ఐదేళ్లు

స్కానర్ చేసే ఆ చిన్న 'టింగ్' శబ్దం అంటే నాకు మొదట్లో ఎంత ఇష్టమో, ఇప్పుడు అంత అనుమానం. పేషెంట్ చేతి బ్యాండ్ ఒకసారి, మందు ఒకసారి స్కాన్ కొడితే కంప్యూటర్ డాక్టర్ ఆర్డర్‌తో సరిచూస్తుందని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు కాబట్టి అదంతా వదిలేస్తున్నా. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఎంత దూరం నుంచి చదువుతుంది లాంటివి కూడా. నేను రాయాలనుకున్నది అన్నీ సరిపోతే తెర మీద వచ్చే గ్రీన్ టిక్ గురించి.

మొదటి ఏడాది ఎవరు అడిగినా దీన్ని తెగ పొగిడాను. దానికి కారణం ఉంది. ఒక రాత్రి రెండు గంటలప్పుడు హెపారిన్, అంటే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్ మందు, తీశాను. కావాల్సింది మిల్లీలీటరుకు 1000 యూనిట్ల వయల్ (చిన్న మందు సీసా), చేతికొచ్చింది 5000ది. రెండూ ఒకే సైజు, ఒకే రకం లేబుల్. ఎవరో ఒకదాని అరలో ఇంకోటి పెట్టారు. స్కాన్ కొట్టగానే తెర ఎర్రబడింది. స్కానర్‌కే ఏదో అయిందనుకుని మళ్లీ కొట్టాను. మళ్లీ ఎరుపే. అప్పుడు గానీ వయల్‌ను లైటు కిందికి తీసుకెళ్లి లేబుల్ చదవలేదు. ఒక్కసారిగా చెమటలు పట్టాయి. ఆ రోజు నుంచి, ఈ మెషిన్ వల్ల పని నెమ్మదిస్తోందని ఎవరన్నా గొడవకు దిగేదాన్ని.

చిరాకులు అప్పుడూ ఉండేవి. ఇంజెక్షన్ మందు ఉండే గాజు యాంప్యూల్ గుండ్రంగా, చిన్నగా ఉంటుంది కదా, దాని కోడ్ చదివించడానికి తిప్పి తిప్పి చేతులు నొప్పి పుట్టేవి. సగం మాత్ర ఇవ్వాల్సి వస్తే మిగిలిన సగానికి కోడ్ ఉండదు. అసలు పెద్ద తలనొప్పి చేతి బ్యాండ్. పొడుగు గీతల కోడ్ సన్నటి మణికట్టు చుట్టూ వంగిపోతే దాని రెండు చివర్లూ స్కానర్‌కు ఒకేసారి కనపడవు. శానిటైజర్ తగిలి తగిలి మూడో రోజుకే ప్రింటు పాలిపోతుంది. ఐవీ లైన్‌కు వేసిన ప్లాస్టర్ కింద సగం దాక్కుంటుంది. తెల్లవారుజామున నిద్రపోతున్న మనిషి దుప్పట్లోంచి చెయ్యి బయటికి లాగితే తిట్లు కూడా పడతాయి.

అందుకని ఏం చేశామంటే, అడ్మిషన్ అప్పుడే రెండు బ్యాండ్లు ప్రింట్ చేయించి, ఒకటి చేతికి వేసి, రెండోది కేస్ ఫైల్ అట్ట లోపల అంటించేవాళ్లం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. కొత్తగా చేరిన నర్సులకు ఇది చిట్కా అని నేర్పిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఫైల్ తెరువు, టింగ్, స్ట్రిప్ చూపించు, టింగ్, గ్రీన్ టిక్.

ఇక ఆ రోజు విషయానికొస్తాను. నైట్ డ్యూటీ అయిపోవస్తోంది, టిఫిన్‌తో వేసే మాత్రలు ఇస్తున్నాను. పదకొండో బెడ్‌లో, పన్నెండో బెడ్‌లో ఇద్దరు పెద్దావిడలు. ముందు రోజు సాయంత్రం ఒకావిడ బాత్రూమ్ దగ్గరగా ఉండాలని అడిగితే బెడ్లు మార్చారు. మనుషులు మారారు, దుప్పట్లు మారాయి, కాళ్ల దగ్గర వేలాడే ఫైళ్లు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. డ్యూటీ మారేటప్పుడు చేసే హ్యాండోవర్‌లో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పదకొండో బెడ్ ఫైల్ తీసి లోపలి బ్యాండ్ స్కాన్ కొట్టాను. గ్లిమెపిరైడ్ స్ట్రిప్ కొట్టాను. టిక్. మాత్ర అరచేతిలో పెడితే ఆవిడ దాన్ని కాసేపు చూసి, "ఈ రంగు మాత్ర నాకెప్పుడూ ఇవ్వలేదమ్మా. ఇదేంటి?" అంది.

"షుగర్ మాత్ర పెద్దమ్మా, టిఫిన్‌తో వేసుకోవాలి."

"నాకు షుగర్ లేదు కదా."

ఇక్కడ నేనన్న మాట ఇప్పటికీ మింగుడుపడదు. "స్కాన్ చేశాను పెద్దమ్మా, మీదే. వేసుకోండి" అన్నాను. నిజానికి చెయ్యి చాపి చూపించింది కూడా ఆవిడే. బ్యాండ్ మీద ప్రింటు దాదాపు పోయింది, పేరులో మొదటి రెండక్షరాలు మాత్రం మిగిలాయి. ఫైల్ మీద పేరు వాటితో మొదలవ్వదు.

మాత్ర వెనక్కి తీసుకున్నాను. షుగర్ లేని మనిషి, పైగా వయసు మీద పడ్డ మనిషి ఆ మాత్ర వేసుకుంటే షుగర్ ఎంతకు పడిపోయేదో చెప్పలేం. ఆ మందు ప్రభావం గంటలో పోయేది కూడా కాదు. అయినా నన్ను ఇంకా కుదిపేసింది వేరే విషయం. ఆవిడ మారు మాట్లాడకుండా మింగేసి ఉంటే రికార్డులో ఏ తప్పూ కనపడేది కాదు. సరైన పేషెంట్, సరైన మందు, సరైన డోస్, సరైన టైమ్, కింద నా పేరు. ఎవరైనా తర్వాత వెతికినా అంతా గ్రీనే.

ఆ తర్వాత కూర్చుని కొంత చదివాను. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, సమయం తేడాలు పక్కన పెడితే, ఈ స్కానింగ్ వల్ల మందు ఇవ్వడంలో తప్పులు 11.5 శాతం నుంచి 6.8 శాతానికి తగ్గాయి. తక్కువేం కాదు. కానీ ఆ మిగిలిన 6.8లో నాలాంటి వాళ్లు ఉంటారని అప్పుడే తట్టింది. 2008లో వచ్చిన ఇంకో అధ్యయనం ఐదు ఆసుపత్రుల్లో స్టాఫ్ వాడే అడ్డదారులను 15 రకాలుగా లెక్కగట్టింది. మా ఫైల్ చిట్కా లాంటివీ అందులో ఉన్నాయి. మేమే కనిపెట్టామనుకున్నాం, పాపం!

అన్నట్టు, అమెరికాలో ఈ ఆలోచన మొదలుపెట్టింది కూడా ఒక నర్సే. టొపీకాలోని మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసే స్యూ కినిక్, 1992లో అద్దె కారు తిరిగి ఇచ్చేటప్పుడు అక్కడివాళ్లు దాని కోడ్‌ను స్కాన్ చేయడం చూసి, ఇదే మందులకూ చేయొచ్చు కదా అనుకుందట. కారుకు అంటించిన లేబుల్‌ను పీకి ఎవరూ ఫైల్‌లో దాచుకోరు. తేడా అంతా అక్కడే వచ్చింది.

మాకు తర్వాత చుట్టూ చిన్న చతురస్రం కోడ్‌లు ఉండే బ్యాండ్లు వచ్చాయి. ఎటు తిప్పినా ఏదో ఒకటి దొరుకుతుంది, సగం చెరిగినా చదువుతుంది. వార్డులోనే ప్రింటర్ పెట్టారు. ఈ రెండూ మొదటి రోజే ఉండి ఉంటే ఆ చిట్కా పుట్టేదే కాదని నా నమ్మకం. హెపారిన్ రోజు నేను చేసిన పొగడ్త వెనక్కి తీసుకోను గానీ, అదీ కొంచెం ఎక్కువేనని ఇప్పుడు అనిపిస్తుంది. స్కానర్ చూసింది వయల్‌ను. సిరంజిలోకి నేనెంత లాగానో అది ఎప్పటికీ చూడదు.

పెట్టించుకోవచ్చా అని అడిగితే, మాలాంటి వార్డుకైతే పెట్టించుకోమనే అంటాను. మాది ఎక్కువగా ముసలివాళ్లుండే మెడికల్ వార్డు, మందులు ముందే రాసి ఉంటాయి. నోటిమాట మీద ఇంజెక్షన్ ఇచ్చేసే ఎమర్జెన్సీలో, వేలంత మణికట్లుండే పిల్లల వార్డులో ఎలా ఉంటుందో అక్కడ చేసినవాళ్లే చెప్పాలి. నెట్ సిగ్నల్ అందని మూల బెడ్లు ఉంటే ముందు వాటి సంగతి చూసుకోండి. అక్కడ మందు ముందు ఇచ్చేసి స్కాన్ తర్వాత కొడతారు. నేనూ కొట్టాను.

ఇప్పుడు పేరు వాళ్ల నోటితోనే చెప్పించుకుని, చేతికున్న బ్యాండే స్కాన్ కొడుతున్నాను. ప్రింటర్ మొరాయించిన రోజు 'బ్యాండ్ చదవడం లేదు' అని ఉన్నదున్నట్టు ఎక్కించి, పక్క సిస్టర్‌ను పిలిచి ఇద్దరం సరిచూసి ఇస్తున్నాను. ప్రతి నెలా ఎవరు ఎంత శాతం స్కాన్ చేశారో నోటీసు బోర్డు మీద పెడతారు. ఫైల్ చిట్కా రోజుల్లో నా పేరు అందరికంటే పైన ఉండేది. పోయిన నెల కింద నుంచి మూడోది. ఎందుకు తగ్గిందో రాసివ్వమని ఇన్‌ఛార్జ్ సిస్టర్ కాగితం ఇచ్చింది. ఇంకా నింపలేదు.